మా అత్త అలిగిన ముగింపు

మా అత్త నాతో మాటలు మానేసింది. నేను పెట్టిన పులుసు వల్ల కాదు, మా పుట్టింటి వాళ్ళ వల్లా కాదు. ఒక కథ వల్ల. ఏ కోడలికీ ఇలాంటి కష్టం వచ్చి ఉండదు. కోడళ్ళకు రావాల్సిన మామూలు కష్టాలేవీ నాకు రాలేదు కాబట్టి, దేవుడు అన్నీ కలిపి ఈ రూపంలో సరిపెట్టాడనుకున్నాను.

ఆ కథ రాసింది నేనే. అది ఫోన్లో ఆడే కథ. అందులో బొమ్మలుండవు, పాటలుండవు, తుపాకులు అసలే ఉండవు. నాలుగు పేరాలు చదవాలి. కింద రెండు మూడు దారులుంటాయి. ఏ దారి నొక్కితే కథ అటు పోతుంది. నేను శ్రీకాకుళంలో ఒక కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఇల్లు కళింగపట్నంలో. రోజూ బస్సులో పోతూ వస్తూ ఆ కథంతా రాశాను. కిటికీ పక్క సీటు దొరికిన రోజు కథలో వాళ్ళకు మంచి జరిగేది. కాలేజీ దాకా నిలబడి వెళ్ళిన రోజు ఎవరికో ఒకరికి జ్వరం తగిలేది.

కథలో ఆడేవాళ్ళు "నువ్వు". నువ్వు సముద్రం ఒడ్డున ఒక ఇంటికి వచ్చిన కొత్త కోడలివి. నీకొక ఆడపడుచు ఉంది. ఆమె నీ అద్దం పగలగొడుతుంది, నీ చీర అడక్కుండా కట్టుకుపోతుంది, నీకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంటుంది. ఆమెతో ఎలా మసలుకోవాలో నువ్వే తేల్చుకోవాలి. మొత్తం ఐదు భాగాలు, ఒక్కొక్కటిగా వదిలేదాన్ని. ఒక దారి నొక్కాక వెనక్కి వెళ్ళడానికి లేదు. ఎవరైనా అడిగితే, "బతుకులో వెనక్కి వెళ్ళే బటన్ ఉందా?" అని డబాయించేదాన్ని. ఆ ముక్క అంటున్నప్పుడు నాకు నేను చాలా గొప్పగా కనిపించేదాన్ని.

దీన్ని ఎవరికి వాళ్ళు మూల కూర్చుని ఆడుకుంటారనుకున్నాను. మా ఊళ్ళో అలా జరగలేదు. మా అత్త ఎండు చేపల వ్యాపారం చేస్తుంది. మా ఇంటి ముందు ఇసక మీద చేపలు పరిచి, కాకుల్నీ కుక్కల్నీ తోలుతూ వీధిలో ఆడవాళ్ళంతా అక్కడే కూర్చుంటారు. పక్కింటావిడ గట్టిగా చదువుతుంది. దారులు వచ్చేసరికి అందరూ ఒక్కసారి అరుస్తారు. ఎవరెంత అరిచినా, ఏది నొక్కాలో చివరికి మా అత్తే చెబుతుంది. ఆడపడుచు అద్దం పగలగొట్టిన భాగం ఆడిన రోజు, దాన్ని కొట్టాలా, సంగతి దాచాలా, అన్నకు చెప్పాలా అని ఎంత రభస జరిగిందంటే, కాకులు నెత్తళ్ళ చేపలు ఎత్తుకుపోతున్నా ఎవరూ తల తిప్పలేదు.

"దాసీయండే. సిన్నగుంట. అద్దమే కదేటి, పేనం కాదు కదా," అని మా అత్త తీర్పు చెప్పింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను గెలిచాననే అనుకున్నాను. ఏదైనా భాగం ఆలస్యమైతే మా అత్త నా క్యారేజీలో చేపముక్క వేస్తూ, "ఆ గుంట ఎలగున్నాదే?" అని అడిగేది, పక్క ఊళ్ళో ఇచ్చిన కూతురి గురించి అడిగినట్టు. ఆ ప్రశ్న కోసమే నేను బస్సులో రాసేదాన్ని. ఇంతకన్నా గొప్ప మెప్పు నాకు ఎవరూ ఇవ్వలేదు.

అప్పుడు ఐదో భాగం వచ్చింది.

చివరి ఘట్టం ఇది. పొద్దున్నే ఆడపడుచు సంచి సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. వంగి చెప్పులు వెతుక్కుంటోంది. నీ ముందు మూడు దారులున్నాయి. ఏమీ అనకుండా నిలబడు. దారిలో తినడానికి మూట కట్టి ఇవ్వు. ఎక్కడికని అడుగు.

ఇక్కడే నేను నా తెలివి చూపించాను. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదని మన ఇళ్ళలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అడిగితే వెళ్ళే పని చెడుతుంది. ఎవరైనా నోరు జారి అడిగేశారా, ఆ మనిషి వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. పడవ మీద పోయేవాళ్ళ ఇళ్ళల్లో ఈ పట్టింపు మరీ గట్టిది. నా ఎత్తు ఏమిటంటే, మూడో దారి నొక్కితే ఆ పిల్ల వెనక్కి రాక తప్పదు. కూర్చోక తప్పదు. కూర్చుంటే నోరు విప్పక తప్పదు. మంచి ముగింపు అక్కడ దాచాను. మిగతా రెండు దారుల్లోనూ ఆమె మలుపు తిరిగి వెళ్ళిపోతుంది, కథ అయిపోతుంది. మన వాళ్ళకు ఇంతకన్నా తేలికైన తాళంచెవి ఉండదని, మొదటి రోజే అందరూ కనిపెట్టేసి నన్ను వెక్కిరిస్తారని కూడా భయపడ్డాను.

కనిపెట్టడం సంగతి దేవుడెరుగు. ఎవరు ఏ దారి నొక్కారో నా కంప్యూటర్లో నాకు కనిపిస్తుంది. చాలామంది మూట కట్టారు. కొందరు నిలబడ్డారు. మూడో దారిలోకి ఒక్కరంటే ఒక్కరు అడుగు పెట్టలేదు.

కథ కింద నా నంబరు వేసిన పాపానికి ఇక తిట్లు మొదలయ్యాయి. గజపతినగరం సంతలో కూరగాయలు అమ్మే ఒకావిడ ఫోన్ చేసి, ఆ పిల్ల వెళ్ళిపోయిందన్న బెంగలో వంకాయల తూకం తప్పానని దెబ్బలాడింది. అంతటితో ఆగకుండా, మూటలో పులిహోర కట్టడమేమిటి, సముద్రం ఒడ్డు వాళ్ళు ఎండు చేప వేయించి పెట్టరా, అసలు నువ్వెప్పుడైనా వంట చేశావా అని నన్ను నిలదీసింది. ఒకాయన తన సొంత ముగింపు రాసి పంపాడు. అందులో ఆడపడుచు కలెక్టరై కారులో తిరిగొచ్చి, ముందుగా అద్దం కొనిచ్చి, తర్వాత ఊరికి వంతెన వేయిస్తుంది. విజయనగరంలో లెక్చరరుగా ఉన్న మా బావ మాత్రం నన్ను తెగ మెచ్చుకున్నాడు. ఆ సంచి ఆధునిక స్త్రీ మోసే భారానికి ప్రతీక అన్నాడు. దాంట్లో రెండు చీరలూ ఒక దువ్వెనా ఉన్నాయి బావా అని చెప్పినా వినలేదు.

వీళ్ళందరినీ తట్టుకోగలను. మా ఇంటి ముందు ఇసక మీద ఏం జరిగిందో అదే తట్టుకోలేకపోయాను. పక్కింటావిడ చివరి పేరా చదివి ఫోన్ కింద పెట్టింది. ఎవరూ అరవలేదు. మా అత్త లేచి, తిరగేయక్కర్లేని చేపల్ని తిరగేసింది. తర్వాత నావైపు చూడకుండా అక్కడున్న కాకితో అంది:

"దాన్ని ఎల్లగొట్టీసినాది సూడు."

ఆ రోజు నుంచి మాట లేదు. ఏం చెప్పాలన్నా మా ఆయన ద్వారా చెప్పేది. ఆయన పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఎంత మొరాయించే ఇంజన్నైనా దారికి తెస్తాడు గానీ, మా ఇద్దరి మధ్యా కుక్కిన పేనులా కూర్చునేవాడు.

"ఒరే, కూరలో ఉప్పు సాల్నేదని సెప్పు దానికి," అనేది మా అత్త, నా మోచేతికి తన మోచెయ్యి తగిలేంత దగ్గర కూర్చుని.

"సరిపోయిందని చెప్పండి," అనేదాన్ని నేను.

"ఇద్దరికీ ఇనపడతన్నాది కదే, మజ్జిన నానేటికి?" అని ఆయన ఏడుపు మొహం పెట్టేవాడు. ఇద్దరం ఒకేసారి కసిరేవాళ్ళం. ఆ ఒక్క పనిలోనే మేమిద్దరం కలిసేవాళ్ళం.

తాళంచెవి ఎక్కడుందో చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. నా ఆటకు నేనే గుట్టు విప్పితే ఇక పరువేం మిగులుతుందన్న పొగరు ఒకటి. నేను నోరు తెరవగానే ఆమె లేచి చేపల దగ్గరికి వెళ్ళిపోవడం రెండోది. మాట మానేసింది గానీ క్యారేజీలో చేపముక్క మాత్రం మానలేదు. మూత తీసి ఆ ముక్క చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. "ఆ గుంట ఎలగున్నాదే?" అని అడిగే మనిషి లేకపోతే, ఇక బస్సులో నేను కిటికీలోంచి బయటికి చూడ్డం తప్ప చేసేదేముంది?

ఇంతలో పొందూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఇంట్లో కూర్చుని ఖద్దరు నూలు వడుకుతుందట. భర్త మగ్గం మీద ఉంటే, ఈవిడ రాట్నం పక్కన ఫోన్ నిలబెట్టి గట్టిగా చదివి ఆడుతుందట. వెనకాల రాట్నం తిరుగుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

"మూడు ఫోన్లలో ఆడినానండీ. నాదొకటి, మా ఆయనదొకటి, మా అల్లుడుగారిదొకటి. మూడుపాల్లూ ఎల్లిపోనాది. ఇదేటి కతండీ?"

నాకు ప్రాణం లేచి వచ్చింది. "మూడు ఫోన్లలోనూ ఏం నొక్కారు?"

"మూటే."

"మూడుసార్లూనా!"

"రెండోపాలి మూటలో ఇంకేటైనా ఎయ్యనిస్తారేమోనని. మూడోపాలి, పోనీ ఇంకోపాలి తిండి పెట్టినట్టుంటాదని."

"మరి మూడో దారి ఎందుకు నొక్కలేదండీ?"

రాట్నం ఆగిపోయింది.

"తప్పు కదండీ," అంది మెల్లగా. "మా ఆయన నొక్కబోతే సెయ్యి మీద ఒక్కటిచ్చినాను."

"అయ్యో, అది కథ కదండీ."

"కతయితే ఏటండీ? గుంట గడప దాటతన్నాది. అది దేనికి పోతన్నాదో మనకి తెల్దు. మంచికే పోతన్నాదేమో. ఎక్కడికని అడిగీసి, దాని పని సెడగొట్టీమంటారేటి? పోనీ, దూరమేనేటి అని అడిగే దారి పెట్టినారు కాదు. అదయితే నొక్కుదుం."

నేను నోరెళ్ళబెట్టాను. నిజమే. మన వాళ్ళెవరూ ఎక్కడికని అడగరు. తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటున్నప్పుడు "దూరమా?" అని అడుగుతారు. ఆ చిన్న కిటికీ నాకు గుర్తే రాలేదు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి. ఆచారాన్ని అడ్డం పెట్టుకుని అందరూ ఆ పిల్లను ఆపేస్తారనుకున్నాను. వాళ్ళేమో, వెళ్ళిపోతోందని కడుపులో దుఃఖం పెట్టుకుని కూడా, ఆమె వెళ్ళే పని చెడకూడదని నోరు కట్టుకున్నారు. లేని పిల్ల కోసం. నేను బస్సులో కూర్చుని పుట్టించిన పిల్ల కోసం. వాళ్ళను ఆటపట్టించాలనుకున్నందుకు నాకు సిగ్గేసింది, వాళ్ళందరి మీదా చెప్పలేనంత ప్రేమ కలిగింది.

"మీరు బయల్దేరతంటే మీ ఇంట్లో ఎవులైనా అడుగుతారేటండీ?" అని ఆవిడ చివరికొక పోటు పొడిచింది.

"అడగరండీ," అన్నాను. రాట్నం మళ్ళీ తిరగడం మొదలైంది.

ఆ తర్వాత ఆదివారం మా అమ్మ రమ్మంది. మా పుట్టిల్లు గజపతినగరం పక్క పల్లె. పనస పండిందని, కాలేజీకి సెలవులే కాబట్టి నాలుగు రోజులుండి పొమ్మని. మా ఆయనకు చెప్పాను. అత్తకు మీరే చెప్పాలి, నాతో మాటల్లేవు కదా అని కూడా గుర్తు చేశాను. ఆయన తల ఊపి ఇంజన్ షెడ్డుకు వెళ్ళిపోయాడు. ఆ తల ఊపడం నమ్మడం నాది తప్పు.

సంచి సర్దుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి చెప్పు ఒకటే ఉంది. రెండోది వీధికుక్క ఎక్కడికో ఈడ్చుకుపోయింది. వంగి అరుగు కింద, నీళ్ళ డ్రమ్ము వెనక వెతుకుతున్నాను. ఇసక మీద ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మా అత్త చేతిలో కాకుల్ని తోలే కర్ర ఉంది. రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది.

"ఎక్కడికే?"

మొదట నాకు అర్థం కాలేదు. ఆ ఇంట్లో అన్నేళ్ళుగా ఎవరి నోటా వినని మాట అది. "దూరమా" అని కూడా అనలేదు. ఉన్నపళంగా ఎక్కడికని అడిగేసింది. వెనక్కి తిరిగి చూస్తే, పక్కింటావిడ నోటి మీద చెయ్యి పెట్టుకుని ఉంది. మా అత్త కర్ర పారేసి గుమ్మం దగ్గరికి వచ్చేసింది.

"నిన్నేనే. ఎక్కడికెల్తన్నావు? సంచేటి?"

"మా అమ్మ..."

"ముందు లోపలికొచ్చి కూకో. అడిగీసినాను కదా. కూకో. నీల్లు తాగు."

నేను కూర్చున్నాను. నీళ్ళు తాగాను. బస్సు వెళ్ళిపోయిన చప్పుడు ఇద్దరికీ వినపడింది. పనసపండు సంగతి చెప్పాను. ఆయన చెప్పలేదా అని అడిగాను.

"ఆడు నాకేటీ సెప్పనేదు! రానీ ఆడిని," అని మా అత్త అక్కడ లేని కొడుకును కాసేపు తిట్టింది. నేనూ ఒక చెయ్యి వేశాను. ఇద్దరి ఊపిరీ కాస్త కుదుటపడింది.

"అడక్కూడదు కదత్తా. ఎందుకడిగావు?" అన్నాను.

ఆమె చెంబు తీసుకుని పక్కన పెట్టింది.

"నానూ ఓపాలి ఇలాగే సంచి సర్దీసినాను," అంది. "మీ ఆయన అప్పటికి కడుపులో ఉన్నాడు. మీ మావతో తగువయినాది. ఆ అరుగు మీదే కూకుని వల అల్లుకుంతన్నాడు. నాను దాటి పోనాను. అడగనేదు. మంచోడే పాపం, అడక్కూడదనే అడగనేదు. నాకు తెల్దేటి? తెలిసినా ఊరి సివర దాకా ఎనక్కి సూసుకుంటనే పోనాను."

గోడ మీద ఫోటోలో మా మావయ్య దండ వెనక నుంచి ఎప్పట్లాగే మంచివాడిలా చూస్తున్నాడు. ఇన్ని రోజులూ మా అత్త నా మీద ఎందుకు అలిగిందో నాకప్పుడు తెలిసింది.

"మరెలా తిరిగొచ్చావు?"

"మబ్బేసినాది. ఇసక మీద సేపలున్నాయి. తడిసిపోతే ఎవులు తీస్తారే, మీ మావ తీస్తాడేటి?"

ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వుతూనే ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను ఫోన్ తీశాను. కథ రాసిన దాన్ని కాబట్టి నా ఒక్క ఫోన్లో మాత్రం వెనక్కి వెళ్ళే దారి ఉంది. చివరి ఘట్టం తెరిచి, మూడో దారి ఆమె వేలి కింద పెట్టాను. ఆమె నా మొహంలోకి అనుమానంగా చూసి నొక్కింది. నేను చదివాను.

ఆ పిల్ల వెనక్కి తిరిగింది. వచ్చి పీట మీద కూర్చుంది. నీళ్ళు తాగింది. "అడుగుతావేమోనని ఇంతసేపూ చెప్పులు వెతుకుతున్నాను వదినా," అంది.

మా అత్త ఫోన్ మీదికి వంగి చూసింది. తర్వాత అడిగింది:

"సెప్పులు దాని కాల్లకే ఉన్నాయేటి?"

"ఆఁ."

"దొంగ గుంట," అంది. ఎంత ముద్దుగా అందో! ఆ మాట కోసం ఐదు భాగాలు కాదు, యాభై రాయొచ్చు. వెంటనే ఇసక మీద ఉన్న వాళ్ళ వైపు ఓరగా చూసి గొంతు తగ్గించింది. "ఇది ఎవులికీ సెప్పకు. కావాలంటే నన్నొచ్చి అడగనీ."

మధ్యాహ్నం బస్సుకు మళ్ళీ బయల్దేరాను. రెండో చెప్పు దొరకలేదు. మా అత్త చెప్పులు వేసుకున్నాను, వెనకాల బెత్తెడు మిగిలాయి. ఆమె గుమ్మంలో నిలబడి పెదాలు గట్టిగా బిగించుకుంది. చెయ్యి కూడా ఊపలేదు. ఇసక మీద ఆడవాళ్ళంతా చేపల్ని వదిలేసి మమ్మల్నే చూస్తున్నారు. నేను వీధి మలుపు దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగాను.

"గజపతినగరమే అత్తా! గురువారం పొద్దుటికి వచ్చేస్తా!"

"నానడిగినానేటే?" అని వీధంతా వినపడేలా అరిచింది మా అత్త.